ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా

అమ్మకు మోకాలి కీలు మార్చి ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గారు కాగితం నిండా జాగ్రత్తలు రాసి ఇచ్చారు. అందులో రెండోది, ఇకమీదట నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోకూడదని. ఆసుపత్రిలో అమ్మ అన్నిటికీ తల ఊపింది. ఇంటికి వచ్చి మంచం మీద నడుం వాల్చాక మాత్రం ఒకే ఒక్క మాట అడిగింది.

"మరి దీపం ఎలా పెట్టుకోవాలిరా?"

మా దేవుడు అప్పటిదాకా వంటగది పక్కన, జానెడు ఎత్తు పీట మీద ఉండేవాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అమ్మ పూజ నేల మీదే. నిలబడి దండం పెట్టుకోవచ్చు కదా అత్తయ్యా అని మా ఆవిడ అంటే, "నిలబడి పెట్టుకునేది గుడిలో. ఇంట్లో దేవుడి దగ్గర కాసేపు కూర్చోవాలమ్మా" అంది. ఆ మాట నాకు న్యాయంగా తోచింది. కూర్చోవాలి, కానీ కుర్చీలో కూర్చోవాలి. అంటే దేవుడే కుర్చీ ఎత్తుకు రావాలి.

బజారులో చూసిన మందిరాలన్నీ రెండు రకాలే. ఒకటి నేల మీద కూర్చునే వాళ్లకు, రెండోది గోడకు తగిలించి నిలబడి మొక్కే వాళ్లకు. కుర్చీలో కూర్చునే మనిషిని తలచుకుని చేసినది ఒక్కటీ కనిపించలేదు. టేకుతో చేయించుకుందామని అడిగితే 45,000 రూపాయలు అన్నారు. డబ్బు ఒక సంగతి. మాది హైదరాబాదు నిజాంపేటలో అద్దె ఇల్లు, పన్నెండేళ్లలో ఇది నాలుగోది. ఇల్లు మారిన ప్రతిసారీ ఏదో ఒక బల్లకు కాలు విరుగుతుంది, లిఫ్టులో పట్టని బీరువాను నలుగురు మోసుకుంటూ మెట్లెక్కుతారు. మాకు కావలసింది విప్పి, కట్టలు కట్టి, కొత్త ఇంట్లో మళ్లీ బిగించుకోగలిగే మందిరం.

విడిభాగాలుగా అట్టపెట్టెలో వచ్చే సామాను పుట్టుకలో కూడా ఇలాంటి ఇబ్బందే ఉందని చెబుతారు. స్వీడన్‌లో ఐకియా అనే ఇంటి సామాను సంస్థ ఉద్యోగి గిల్లిస్ లుండ్‌గ్రెన్ ఒక బల్లను కారులో పెట్టబోతే పట్టలేదట, కాళ్లు ఊడదీసి పెట్టాడట. 1956 ప్రాంతంలో ఆ సంస్థ విప్పిన బల్లలను చదునైన పెట్టెల్లో అమ్మడం మొదలుపెట్టింది. మన దేశంలో వాళ్ల మొదటి దుకాణం 2018 ఆగస్టు 9న మన హైదరాబాదులోనే, హైటెక్ సిటీలో తెరిచారు. అప్పటి నుంచి మా వీధిలో ఏ ఇంటికి వెళ్లినా ఒక చోట ఆ తెల్లని గళ్ల అర కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లోనూ, చిన్న దుకాణాల్లోనూ అదే తరహా సామాను తక్కువ ధరకు దొరుకుతోంది.

వాటిని మన ఇంటికి తగ్గట్టు మార్చుకోవడం నాకు ఇష్టమైన పని. వృత్తి జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పడం. ఆదివారాలు మాత్రం డ్రిల్లు, రంపం, గరుకు కాగితం. అయితే ఈ మందిరం జోలికి వచ్చేలోగా రెండు వస్తువులు పాడు చేశాను. ఆ రెండూ నాకు చాలా నేర్పాయి కాబట్టి ముందు వాటి సంగతి రాస్తాను.

మొదటిది ఒక చిన్న టీ బల్ల. అమ్మాయి చదువుకోవడానికి అటూ ఇటూ జరుపుకునేలా దానికి చక్రాలు పెడదామని కాళ్ల అడుగున మరలు బిగించాను. మర తిరుగుతూనే ఉంది తప్ప బిగుసుకోలేదు. ఒక కాలు కోసి చూస్తే అంచుల్లో సన్నటి చెక్క, లోపలంతా తేనెపట్టు లాంటి కాగితం గళ్లు. బరువు తక్కువగా ఉండాలని, తక్కువ చెక్కతో ఎక్కువ గట్టిదనం రావాలని అలా చేస్తారు. పై నుంచి పడే బరువును ఆ నిర్మాణం చక్కగా మోస్తుంది. మరకు మాత్రం అక్కడ పట్టు దొరకదు. మిగిలిన మూడు కాళ్లనూ, కొత్తగా తెచ్చిన నాలుగో కాలునూ అడుగు నుంచి తొలిచి, ఒక్కో దానిలో రెండంగుళాల చెక్క దిమ్మ ఫెవికాల్‌తో దిగగొట్టి, ఒక రోజు ఆరనిచ్చి, ఆ దిమ్మకు చక్రం బిగించాను. మూడేళ్లుగా తిరుగుతోంది.

రెండోది పుస్తకాల అర. పార్టికల్ బోర్డుది. చెక్క పేళ్లను జిగురుతో కలిపి వేడిగా నొక్కి చేసిన పలక, పైన నున్నటి తొడుగు. దానికి నేరుగా నీలం రంగు వేశాను. రెండు వారాలు కళ్లకు పండుగగా ఉంది. అమ్మాయి తన టైమ్‌టేబుల్‌ను టేపుతో అంటించి, పరీక్షలయ్యాక లాగితే అరచేయంత రంగు టేపుతో పాటు వచ్చేసింది. నున్నటి తొడుగు రంగును పట్టుకోదు. ముందు 220 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దాలి, తడిగుడ్డతో పొట్టు తుడవాలి, ఆరాక నున్నటి వాటి మీద నిలిచే ప్రైమరు ఒక పూత వేయాలి, ఆ తర్వాతే రంగు. మొత్తం గీకేసి మళ్లీ వేశాను. అప్పుడు నిలిచింది.

అందుకే ఇప్పుడు ఏది కొన్నా ముందు వేలి కణుపులతో తట్టి చూస్తాను. డోలులా మోగితే లోపల బోలు. మందంగా, పొడిగా శబ్దం వచ్చి, ఎత్తితే అనుకున్నదానికన్నా బరువు ఉంటే పార్టికల్ బోర్డు. దానికి నీళ్లు పడవు, అంచున తడి తగిలితే రొట్టెలా ఉబ్బుతుంది. మర ఒకసారి వదులైతే మళ్లీ పట్టదు. ఆ రంధ్రంలో ఫెవికాల్ పూసిన అగ్గిపుల్లలు నిండుగా దూర్చి, ఆరాక బిగిస్తే చాలా కాలం నిలుస్తుంది. అసలు చెక్క అయితే అంచు చూస్తేనే తెలిసిపోతుంది. పై ముఖం మీద ఉన్న గీతలు అంచు మీదికి కూడా సాగుతాయి.

మందిరానికి అసలు చెక్కే కావాలనుకున్నాను. దీపం, నూనె, నీళ్లు, కుంకుమ రోజూ ఉండే చోటు అది. ఐకియాలో ఐవార్ అనే వరుసలో పైన్ చెక్కతో చేసిన అల్మారాలు ఉంటాయి. రంగూ, పాలిషూ ఏమీ వేయకుండా పచ్చి చెక్కగానే ఇస్తారు, మిగిలిన పని కొన్నవాళ్ల ఇష్టం. నేను తెచ్చినది 80 సెంటీమీటర్ల వెడల్పు, 50 లోతు, 83 ఎత్తు, రెండు తలుపులు.

పెట్టె విప్పగానే ఇల్లంతా బంక వాసన. అమ్మ కర్ర పట్టుకుని వచ్చి ఒక పలక మీద చెయ్యి వేసి, "ఇది ఏ చెట్టురా? దేవుడికి పనికొస్తుందా?" అంది. చలి దేశాల్లో పెరిగే పైన్ అమ్మా, మన దేవదారూ ఇదీ ఒకే కుటుంబం అన్నాను. నేను కల్పించి చెప్పలేదు, వృక్షశాస్త్రంలో రెండూ ఒకే కుటుంబానికి చెందినవే. "దేవదారు చుట్టమా, అయితే సరే" అని పసుపు తెచ్చి నాలుగు మూలలా బొట్టు పెట్టింది. ఆ తర్వాతే నన్ను మర బిగించనిచ్చింది.

కొలతలు ఆ పెట్టె కాగితంలో ఉన్నవి కాదు, అమ్మవి తీసుకున్నాను. ఖాళీ గోడ పక్కన ఆమె కుర్చీ వేసి కూర్చోబెట్టి సుద్దముక్కతో గుర్తులు పెట్టాను. కుర్చీ ఎత్తు 45 సెంటీమీటర్లు. మోకాళ్లు 50 దగ్గర. మోచేయి 64. కన్ను 112. దీపం వెలిగించే చెయ్యి మోచేతి ఎత్తులో ఉంటే భుజం నొప్పి పుట్టదు. దేవుడి ముఖం కంటికి ఒక పిసరు కిందుగా ఉంటే మెడ పట్టదు. ఈ నాలుగు అంకెలే మొత్తం పనిని నడిపించాయి. అల్మారాను 58 సెంటీమీటర్ల ఎత్తున నిలబెట్టాలని లెక్క తేలింది. అడితికి వెళ్లి రెండంగుళాల టేకు ముక్కలు కోయించుకుని నాలుగు కాళ్ల స్టాండు చేశాను. వత్తులకు, కర్పూరానికి ఒక సొరుగు కావాలంది అమ్మ. దాన్ని కుడివైపు చివరకు జరిపాను, మధ్యలో పెడితే మోకాళ్లకు తగులుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది మంట గురించి. చెక్క పెట్టెలో దీపం పెట్టడమంటే నాకు మనసు ఒప్పలేదు. పైన ఉన్న పలక రోజూ వేడెక్కుతుంది, మసి పడుతుంది. అల్మారాతో వచ్చిన అరనే తీసి ముందుకు లాగే పలకగా మార్చాను. సొరుగులకు వాడే టెలిస్కోపిక్ చానెళ్లు 16 అంగుళాలవి తెచ్చాను. వాటికి రెండు వైపులా పన్నెండున్నర మిల్లీమీటర్ల చొప్పున చోటు కావాలి, అందుకని అర వెడల్పులో రెండున్నర సెంటీమీటర్లు కోశాను. పలక ముందు భాగంలో గ్రానైటు రాయి అమర్చాను. వంటగదుల గట్లు కోసే చోట మిగిలిన ముక్క అది, 30 సెంటీమీటర్లకు 20, బరువు సుమారు మూడు కిలోలు. వెనక భాగంలో దేవుళ్లకు విడిగా ఒక మెట్టు కట్టాను, పలక లాగినా వాళ్లు కదలరు. అమ్మ కూర్చుని పలకను తన వైపు లాగుతుంది. రాయి మీద కుంది పెట్టి వెలిగిస్తుంది. అప్పుడు దీపం మీద ఖాళీయే తప్ప చెక్క లేదు. దీపం కొండెక్కాక, కుంది చల్లబడ్డాక పలకను లోపలికి తోస్తుంది. తలుపులు అప్పుడే మూస్తుంది. ఈ క్రమం ఇంట్లో ఎవరమూ తప్పం.

ఇలా బరువు ముందుకు వచ్చే ఏ సామాను అయినా గోడకు కట్టి తీరాలి, లేకపోతే తూలుతుంది. ఇంటి ఓనరు గారు అద్దెకు ఇచ్చేటప్పుడే గోడకు మేకు కొట్టకూడదని గట్టిగా చెప్పారు. మూడో అంతస్తుకు వెళ్లి, "బాబాయి గారూ, రెండే రెండు రంధ్రాలు" అని అడిగాను. ఎందుకో చెప్పాక ఆయన చెప్పులు వేసుకుని నాతోపాటు కిందికి వచ్చారు. కుర్చీ, సుద్ద గుర్తులు, స్టాండు అన్నీ చూశారు. "మాస్టారూ, రెండు చాలవు, నాలుగు పెట్టండి. మీరు వెళ్లేటప్పుడు లప్పం నేను పెట్టిస్తాను" అన్నారు. నాలుగు ప్లగ్గులు, ఎల్ ఆకారపు ఇనుప పట్టీలు. ఇప్పుడు పలక పూర్తిగా లాగి దాని మీద మోచేతులు ఆన్చినా కదలదు.

ఇక తలుపులు. మూసి ఉన్నప్పుడు కూడా లోపలికి గాలి ఆడాలి, అగరుబత్తి పొగ నిలిచిపోకూడదు. జాలీ కోద్దామంటే పైన్ మెత్తటి చెక్క, గోరుతో నొక్కినా గుర్తు పడుతుంది. సన్నటి జాలీ దానిలో నిలవదనిపించింది. రంధ్రాలు పెడదామనుకుని కాగితం మీద రకరకాల అమరికలు గీస్తున్నాను. అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ చూసింది. చూసి చూసి, "ఇంత ఆలోచనెందుకు? ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందు చుక్క పెట్టు" అంది.

ముగ్గు లెక్క అది. మధ్య వరుసలో ఏడు చుక్కలు. దానికి పైనా కిందా, చుక్కకూ చుక్కకూ మధ్య సందులో వచ్చేలా ఆరు. ఆ తర్వాత అయిదు, ఆపైన నాలుగు. మొత్తం 37. నేను ఇరవై ఏళ్లుగా పిల్లలకు శ్రేఢులు చెబుతున్నాను, మా అమ్మ అరవై ఏళ్లుగా వాకిట్లో వేస్తున్న షడ్భుజి ఇదని ఆ రోజు దాకా కూర్చుని చూడలేదు. చుక్కకూ చుక్కకూ నాలుగు సెంటీమీటర్లు పెట్టాను. సందు చుక్కలతో సమబాహు త్రిభుజాలు ఏర్పడాలంటే వరుసకూ వరుసకూ దూరం నాలుగును 0.866తో గుణించినంత, అంటే దాదాపు మూడున్నర సెంటీమీటర్లు. కాగితం మీద గీసి తలుపుకు అంటించి, ప్రతి చుక్క మీదా మేకు మొనతో చిన్న గుంట పెట్టాను. గుంట లేకపోతే డ్రిల్లు బిట్టు జారి పక్కకు పోతుంది. తలుపు వెనక ఒక పనికిరాని పలకను క్లాంపుతో బిగించాను. అది లేకపోతే బిట్టు అవతలి వైపు బయటికి వచ్చేటప్పుడు చెక్క పేళ్లుగా లేచిపోతుంది. మొదటి తలుపులో ఒక్క రంధ్రం దగ్గర తొందరపడి ఆ పలక సరిచూడలేదు. అక్కడ వెనక వైపు పెసరగింజంత పెచ్చు ఊడింది. ఇప్పటికీ కనిపిస్తుంది.

పన్నెండు మిల్లీమీటర్ల రంధ్రాలు, రెండు తలుపులకూ కలిపి 74. డ్రిల్లు పని గంటలో అయిపోయింది. అంచులు నునుపు చేయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. పెన్సిలుకు గరుకు కాగితం చుట్టి ఒక్కో రంధ్రంలో దూర్చి తిప్పడమే. మొదట 120, తర్వాత 220. అమ్మాయి లెక్క పెడుతూ కూర్చుంది. అమ్మ ప్రతి రంధ్రంలోనూ చిటికెన వేలు పెట్టి చూసి గరుకుగా ఉన్నవి వెనక్కి ఇచ్చింది.

రంగు వేయలేదు. వీడియోల్లో పైన్ చెక్కకు తెల్ల రంగు కొట్టడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ గీతలు చెట్టు వయసు, ఆ కణుపులు దాని కొమ్మల గుర్తులు. పైగా కణుపుల్లోని బంక కొంతకాలానికి రంగు మీదికి పసుపు మచ్చలై వస్తుంది. రంగు వేసి తీరాలనుకునేవారు ముందు కణుపుల మీద స్పిరిట్‌లో కరిగించిన లక్క పూయాలి. నేను వాసన తక్కువని నీటితో కలిపే వార్నిషు మూడు పూతలు వేశాను, పూతకూ పూతకూ మధ్య సన్నగా రుద్దుతూ. నూనె చుక్క పడితే తుడిస్తే పోతుంది.

పెట్టెలో వచ్చిన పిడులు వాడలేదు. అమ్మ పుట్టిల్లు తుని. చిన్నప్పుడు ఆడుకున్న లక్కపిడతలు ఏటికొప్పాకవి. అన్నవరం వ్రతానికి వెళ్లినప్పుడు అక్కడి నుంచి విశాఖ దారిలో ఆగి, వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరికి వెళ్లాం. అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క పుల్లను దానికి ఆనించి నొక్కుతారు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. మనం చూస్తూ ఉండగానే తెల్లటి కర్ర పసుపుపచ్చగా మారిపోతుంది. మూడు పిడులు కావాలంటే కొలత అడిగి, పది నిమిషాల్లో తిప్పి ఇచ్చారు. రెండు తలుపులకు పసుపువి, సొరుగుకు ఎర్రది. అమ్మ దారి పొడవునా వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి దీపానికి దూరంగా, తలుపుల బయటి అంచున బిగించాను.

ఒక్క పొరపాటు జరిగింది. సొరుగును మార్చి నెలలో చేశాను, కాగితం పట్టేంత సందు కూడా వదలకుండా. ఎంత బిగువుగా కూర్చుందో అని సంతోషపడ్డాను. జులైలో నాలుగు రోజుల ముసురుకు అది పట్టేసింది. వత్తులు లోపలే ఉండిపోయాయి. అడితి దగ్గర పనిచేసే వడ్రంగి ఆయన చిత్రిక అరువిస్తూ, "చెక్క పొడవుకు పెరగదు సార్, అడ్డానికి పెరుగుతుంది. ఎండల్లో చేస్తే వానకు చోటు వదలాలి" అన్నారు. పై అంచు రెండు మిల్లీమీటర్లు చిత్రిక పట్టాక మళ్లీ సాఫీగా నడిచింది.

మొత్తం మీద అల్మారా కాకుండా నాకు అయిన ఖర్చు 4,300 రూపాయలు. అందులో ఎక్కువ భాగం టేకు ముక్కలకే. ఇల్లు మారితే పన్నెండు మరలు విప్పితే చాలు. స్టాండు, అల్మారా, మెట్టు, పలక వేటికవి విడిపోతాయి.

సంక్రాంతి ముందు అమ్మ తెల్ల రంగు డబ్బా, సన్న కుంచె తెప్పించుకుంది. కుర్చీ జరుపుకుని కూర్చుని ఎడమ తలుపు మీద రంధ్రాల చుట్టూ గీత తిప్పుతూ తామర ముగ్గు వేసింది. ఆపరేషన్ తర్వాత ఆమె వేసిన మొదటి ముగ్గు అది. చెయ్యి ఎక్కడా ఆగలేదు. కుంచె మనవరాలి చేతికి ఇచ్చి, కుడి తలుపు నువ్వు వెయ్యి, నేను చెబుతాను అంది. అమ్మాయి రోజూ బడి నుంచి వచ్చాక కొంచెం వేస్తోంది. గీత వంకర పోతే నాన్నమ్మ తడిగుడ్డతో తుడిపించి మళ్లీ వేయిస్తోంది. ఇంకా పదకొండు చుక్కలు మిగిలాయి.